మ్యుస్కడేనా, షాబ్లీనా, సాన్సేరా: తీపి లేని ఫ్రెంచ్ తెల్ల వైన్‌ను ఎంచుకోవడం ఎలా

రొయ్యల వేపుడో, నిప్పుల మీద కాల్చిన చేపో చేసుకున్న రోజున దాని పక్కకు తీపి లేని తెల్ల వైన్ ఒకటి తెచ్చుకుందామని దుకాణానికి వెళ్ళినవారికి ఫ్రెంచ్ వైన్ల అర దగ్గర తరచుగా మూడు పేర్లు ఎదురవుతాయి: షాబ్లీ, సాన్సేర్, మ్యుస్కడే. మొదటి రెండు పేర్లూ విన్నవారు ఎక్కువ, వాటి ధర కూడా ఆ పేరుకు తగినట్టే ఉంటుంది. మూడవది సాధారణంగా కింది వరుసలో, మిగిలిన రెండింటి ధరలో సగానికో అంతకంటే తక్కువకో దొరుకుతుంది. తక్కువ ధర అంటే తక్కువ రకమే అయి ఉంటుందన్న అనుమానంతో చాలామంది దానిని అక్కడే వదిలేస్తారు. ఆ అనుమానం సరైనది కాదని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. సముద్రపు తిండి పక్కన తాగడానికైతే నా చేయి మొదట వెళ్ళేది మ్యుస్కడే వైపే. అయితే ఏ మ్యుస్కడే తీసుకోవాలి, ఏ సందర్భంలో దానిని పక్కన పెట్టి షాబ్లీనో సాన్సేర్‌నో తీసుకోవాలి అన్నది తెలియనిదే ఆ సలహా ఎవరికీ ఉపయోగపడదు.

ముందుగా ఒక మాట స్పష్టం చేసుకోవాలి. వైన్ విషయంలో డ్రై అన్నా, ఫ్రెంచ్‌లో సెక్ అన్నా ద్రాక్షలోని చక్కెర దాదాపు అంతా పులిసి ఆల్కహాల్‌గా మారిపోయిందని అర్థం. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం లీటరుకు 4 గ్రాముల లోపు చక్కెర మిగిలిన వైన్‌ను డ్రై అంటారు. పులుపు తగినంత ఉంటే ఆ హద్దు 9 గ్రాముల వరకు పెరగవచ్చు. పండ్ల వాసన రావడానికీ తీపి ఉండడానికీ సంబంధం లేదు. ముక్కుకు మామిడిపండులా తోచిన వైన్ నాలుక మీద చుక్క తీపి లేకుండా ఉండవచ్చు. మొదటిసారి తాగేవారు తడబడేది ఎక్కువగా ఇక్కడే, కాబట్టి వాసనను బట్టి తీపిని అంచనా వేయకూడదు.

ఒకే తల్లిదండ్రులు, వేర్వేరు నేలలు

ఫ్రెంచ్ సీసా మీద పెద్ద అక్షరాలలో కనిపించేది చాలా సందర్భాలలో ఊరి పేరో ప్రాంతం పేరో అవుతుంది తప్ప ద్రాక్ష పేరు కాదు. షాబ్లీ అంటే తూర్పు ఫ్రాన్స్‌లోని బుర్గుండీ ప్రాంతానికి ఉత్తరపు కొసన సెరెన్ అనే చిన్న నది ఒడ్డున ఉన్న ఊరు; అక్కడి ద్రాక్ష షార్డనే. సాన్సేర్ అంటే ల్వార్ నది ఎగువ భాగంలో కొండ మీద కట్టిన ఊరు. అక్కడి తెల్ల ద్రాక్ష సావిన్యాన్ బ్లాంక్. మ్యుస్కడే మాత్రం ఊరి పేరూ కాదు, ద్రాక్ష పేరూ కాదు. అదే ల్వార్ నది అట్లాంటిక్ సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా, నాంత్ నగరం చుట్టూ తయారయ్యే వైన్‌కు ఉన్న పేరు అది. దాని వెనుక ఉన్న ద్రాక్ష పేరు మెలోన్ ద బూర్గోన్, అంటే బుర్గుండీ మెలోన్.

పేరు చెబుతున్నట్టే ఆ తీగ బుర్గుండీ నుంచి వచ్చింది. 17వ శతాబ్దంలో నాంత్ రేవుకు వచ్చే డచ్చి వర్తకులకు బట్టీలో కాచి గాఢమైన మద్యం తీయడానికి తెల్ల వైన్ కావలసి వచ్చింది, అందువల్ల ఆ ప్రాంతంలో తెల్ల ద్రాక్ష సాగు పెరిగింది. ఆ తరువాత 1709 నాటి భయంకరమైన చలికాలం వచ్చింది. ఆ చలికి పశ్చిమ ఫ్రాన్స్‌లో ద్రాక్ష తోటలు పెద్ద ఎత్తున చచ్చిపోగా, చలిని తట్టుకోగల మెలోన్‌ను తిరిగి నాటడం విస్తృతంగా జరిగింది. పుట్టిన బుర్గుండీలో ఈ తీగకు చోటు దాదాపు లేకుండా పోయింది. వచ్చి చేరిన నాంత్‌లో అదే ముఖ్య పంట అయింది. కాకపోతే చలికాలపు చలికి గట్టిదైన ఈ తీగ వసంతంలో తొందరగా చిగురిస్తుంది, కనుక ఏప్రిల్ నెలలో ఒక్క రాత్రి మంచు పడితే లేత చిగుళ్ళు మాడిపోతాయి. 1991, 2008, 2017, 2021 సంవత్సరాలలో అలాగే జరిగింది. అటువంటి ఏళ్ళ పంట దుకాణాలలో తక్కువగా కనిపించడానికి కారణం ఇదే తప్ప వైన్ బాగా లేకపోవడం కాదు.

1999లో వెలువడిన జన్యు పరిశోధన ఒకటి ఈ ద్రాక్ష వంశాన్ని తేల్చింది. పినో, గ్వే బ్లాంక్ అనే రెండు రకాలు కలిసి పుట్టిన సంతానంలో మెలోన్ ఒకటి. ఆ రెండింటికే పుట్టిన మరొక బిడ్డ షార్డనే. పినో కులీనమైనదిగా పేరు పొందిన ద్రాక్ష. గ్వే బ్లాంక్‌ను మధ్యయుగాల నాటి నుంచి చవకబారు రకంగా చూసేవారు. అంటే ప్రపంచమంతా తెలిసిన షార్డనేకూ నాంత్ దాటితే పెద్దగా ఎవరికీ తెలియని మెలోన్‌కూ ఉన్నది తోబుట్టువుల బంధం. ఎంపిక చేసుకునేవారికి ఈ సంగతి నిజంగా పనికి వస్తుంది. మ్యుస్కడే, షాబ్లీలు ఒకే తల్లిదండ్రుల బిడ్డలు వేర్వేరు నేలల మీద పెరిగితే వచ్చిన వైన్లు. షాబ్లీ, సాన్సేర్‌లలో మాత్రం నేల ఒకే జాతిది, ద్రాక్షలు వేరు. షాబ్లీలోని సున్నపు బంకమట్టి వంటిదే సాన్సేర్ తెల్లనేలలలోనూ ఉంది, రెండింటినీ కిమ్మెరిడ్జియన్ కాలపు నేలలనే అంటారు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి తాగితే ద్రాక్ష వల్ల వచ్చేది ఏమిటో, నేల వల్లా తయారీ వల్లా వచ్చేది ఏమిటో కొంతవరకు విడదీసి చూడగలుగుతాము.

మెలోన్ స్వభావం ఏమిటని అడిగితే, అది మితభాషి అని చెబుతాను. నిమ్మతొక్క, పచ్చి ఆపిల్, కాస్త ఉప్పుదనం తప్ప గ్లాసులో నుంచి ఎగసి వచ్చే వాసనలు దానిలో లేవు. ఇంతటి నిదానమైన ద్రాక్ష కాబట్టే దానిని ఎలా తయారు చేశారు, ఏ రాతి మీద పండించారు అన్నవి వైన్‌లో బయటపడతాయి.

పేర్ల వల్ల జరిగే పొరపాటు ఒకటి ఇక్కడే చెప్పాలి. మ్యుస్కడే వేరు, మస్కట్ వేరు, మ్యుస్కడెల్ వేరు, ఇటలీ నుంచి వచ్చే మోస్కాటో వేరు. మోస్కాటో మస్కట్ ద్రాక్షతో చేసే తీయని, పూలవాసన వచ్చే వైన్. మ్యుస్కడేలో తీపీ ఉండదు, ఆ వాసనా ఉండదు. ఒకసారి మా ఇంటికి భోజనానికి వచ్చిన స్నేహితులు నేను చెప్పిన పేరును దుకాణంలో చెప్పగా, అక్కడివారు మస్కట్ సీసా కట్టి ఇచ్చారు. ఆవిరి మీద ఉడికిన పీతల పక్కన ఆ తీపి ఎంతమాత్రం కుదరలేదు. ఫ్రెంచ్‌లో మ్యుస్కడే చివరి అక్షరం పలకదు కాబట్టి చెవికి వినిపించేదీ లేబుల్ మీద రాసినదీ ఒకటిగా ఉండవు. ఫోన్‌లో పేరు చూపించి అడగడం మేలు.

మడ్డి మీద గడిపిన చలికాలం

మ్యుస్కడే కొనేటప్పుడు అన్నిటికంటే ముందు వెతకవలసిన మాట సుర్ లీ. దాని అర్థం మడ్డి మీద అని. ద్రాక్షరసం పులిసిన తరువాత పని ముగించుకుని చచ్చిపోయిన ఈస్ట్ కణాలు తొట్టి అడుగున మెత్తటి మడ్డిగా పేరుకుంటాయి. చాలా చోట్ల వైన్‌ను ఆ మడ్డి నుంచి తేర్చి వేరే తొట్టిలోకి మారుస్తారు. నాంత్ ప్రాంతంలో మాత్రం చలికాలమంతా కదిలించకుండా దాని మీదే ఉంచుతారు. ఈస్ట్ కణాలు మెల్లగా విడిపోయి తమలోని పదార్థాలను వైన్‌లోకి వదులుతాయి. అందువల్ల పలచగా ఉండవలసిన వైన్‌కు కొంత ఒళ్ళు, అంటే నోటిలో నిండుదనం, వస్తుంది, రొట్టె కాలుతున్నప్పటి వాసన సన్నగా చేరుతుంది, పులుపు పదును తగ్గకుండానే దాని గరుకుదనం పోతుంది. తొట్టి మార్చకుండా నేరుగా సీసాలోకి పోస్తారు కనుక పులిసినప్పుడు పుట్టిన కార్బన్ డయాక్సైడ్ కొద్దిగా అందులోనే మిగిలిపోతుంది. గ్లాసులో పోయగానే అంచున పట్టుకుని ఉండే సన్నటి బుడగలూ, నాలుక కొసన తగిలే చిన్న చిరచిరా దాని గుర్తులే. అది చెడిపోయిన లక్షణం కాదు, తాజాదనానికి సాక్ష్యం.

ఇది ఎలా మొదలైందన్న దానికి అక్కడివారు చెప్పుకునే మాట ఒకటి ఉంది. ఇంట్లో పెళ్ళికో పండుగకో ఉంచుదామని రైతులు మంచి పీపా ఒకదాన్ని కదపకుండా పక్కన పెట్టేవారట. తేర్చిన వాటికంటే అదే రుచిగా ఉండడం గమనించి పద్ధతిగా మార్చుకున్నారట. నేడు దానికి కచ్చితమైన నిబంధన ఉంది. వైన్ కనీసం ఒక చలికాలం మడ్డి మీద ఉండాలి, కోత తరువాతి సంవత్సరం మార్చి రాకముందు సీసాలో నింపకూడదు, తయారైన సెల్లార్‌లోనే, అంటే వైన్‌ను నిలవ ఉంచే గదిలోనే, నింపాలి.

ఆ ప్రాంతంలో సెల్లార్ చూడడానికి వెళ్తే పీపాల వరుసలు కనిపిస్తాయని ఆశించకూడదు. నేను వెళ్ళిన చోట గచ్చు చేసిన ఖాళీ గది, నేల మీద అక్కడక్కడా బిందె మూతంత గుండ్రటి మూతలు మాత్రమే ఉన్నాయి. నేల కింద కట్టిన కాంక్రీటు తొట్లలో, లోపలి గోడలకు గాజు పలకలు పరిచి, వైన్‌ను అక్కడే పడుకోబెడతారు. మేము నిలబడి మాట్లాడుతున్న నేల కిందే ఆ సంవత్సరపు పంట అంతా ఉంది. మూత తీసినప్పుడు పైకి వచ్చిన చల్లదనంలో తడి రాయి వాసన, పులిసిన పిండి వాసన కలిసి ఉన్నాయి. కొయ్య తగలకపోవడం, మట్టి లోతున వేడి మారకపోవడం, పెద్ద తొట్టి అడుగున మడ్డి పలచగా పరుచుకుని ఉండడం వంటివన్నీ కలిసి ఈ వైన్‌కు ఆ శుభ్రమైన రుచిని ఇస్తాయి.

లేబుల్ మీద చూడవలసినవి

కేవలం మ్యుస్కడే అని మాత్రమే రాసిన సీసా విశాలమైన ప్రాంతం నుంచి రావచ్చు. చల్లగా ఒక సాయంత్రం తాగడానికి సరిపోతుంది, అంతకు మించి ఆశ పెట్టుకోకూడదు. ఒక మెట్టు పైన సెవ్ర్ ఎ మెన్ అన్న పేరు చూడాలి. సెవ్ర్ నాంతేజ్, మెన్ అనే రెండు నదుల మధ్య, వాటి చుట్టూ ఉన్న ఈ భాగానికి 1936లోనే ప్రత్యేక గుర్తింపు లభించింది, మ్యుస్కడేలో అత్యధిక భాగం ఇక్కడిదే. తూర్పున ల్వార్ గట్ల మీద ఉన్న కోతో ద లా ల్వార్, సరస్సు చుట్టూ ఉన్న కోత్ ద గ్రాన్‌ల్యు అనేవి మరో రెండు భాగాలు. అవి దొరికితే రుచి చూడదగినవే కానీ వాటి కోసం వెతుక్కుంటూ తిరగనక్కరలేదు. సెవ్ర్ ఎ మెన్, సుర్ లీ అన్న రెండు మాటలూ కలిసి ఉన్న సీసా మీ మొదటి కొనుగోలు కావాలి. ఎక్కువ ధర పెట్టకుండా మెలోన్ గుణాన్ని పూర్తిగా తెలుసుకోవడానికి అంతకంటే మంచి దారి లేదు.

ఆ పైన ఉన్నవి ఊళ్ళ పేర్లు. 2011లో క్లిసాన్, గోర్జ్, ల పాలే అనే మూడు చోట్లకు తమ పేరును లేబుల్ మీద వేసుకునే హక్కు వచ్చింది. 2019లో గూలేన్, షతో తెబో, మోన్యేర్ సాన్ ఫియాక్ర్, మూజియాన్ తియ్యేర్ అనేవి వాటితో చేరాయి. వీటిని క్రూ అంటారు. ఇవి ఒక చలికాలంతో ఆగవు. ఊరిని బట్టి ఏడాదిన్నర నుంచి రెండేళ్ళ వరకు, కొందరి దగ్గర అంతకంటే ఎక్కువ కాలం మడ్డి మీద ఉంటాయి. విచిత్రమేమిటంటే అంత కాలం మడ్డి మీద గడిపినా వీటిలో చాలా సీసాల మీద సుర్ లీ అన్న మాట ఉండదు, ఎందుకంటే ఆ మాటకు సంబంధించిన గడువులు తొందరగా సీసాకెక్కే వైన్ల కోసం రాసినవి. కాబట్టి క్లిసాన్ అని రాసి ఉండి సుర్ లీ లేదని ఆ సీసాను పక్కన పెడితే మంచి వైన్‌ను వదులుకున్నట్టే.

ఊళ్ళ మధ్య తేడా రాతి తేడా. నాంత్ ప్రాంతపు నేల అడుగున సున్నపురాయి కాదు, పాతకాలపు గట్టి రాళ్ళు ఉన్నాయి: గ్రానైట్, గ్నైస్, అభ్రకపు షిస్ట్, గాబ్రో. క్లిసాన్‌లో గ్రానైట్, గోర్జ్‌లో నల్లని గాబ్రో, దాని మీద బంకమట్టి. హైదరాబాద్ చుట్టూ గుట్టలను చూస్తూ పెరిగినవారికి క్లిసాన్‌లో సెవ్ర్ నది ఒడ్డున పడి ఉన్న గుండ్రటి గ్రానైట్ బండలు కొత్తగా అనిపించవు. రాయి రుచి నేరుగా వైన్‌లోకి వస్తుందని నేను అనను. వేళ్ళకు నీరు ఎంత అందుతుంది, నేల ఎంత తొందరగా వేడెక్కుతుంది, పండు ఎప్పుడు పక్వానికి వస్తుంది అన్నవి రాతిని బట్టి మారతాయి, రుచి వాటిని బట్టి మారుతుంది. నా అనుభవంలో క్లిసాన్ నిండుగా, పండిన బేరిపండు రుచితో ఉంటుంది. గోర్జ్ మొదట్లో బిగుసుకుని, చేదు అంచుతో, తెరుచుకోవడానికి సమయం తీసుకుంటుంది. ఈ తేడాను ఒకే చేతి పనిలో చూడాలనుకునేవారు దొమెన్ ద లెక్యు తయారీదారులు గ్రానైట్, గ్నైస్, ఆర్తోగ్నైస్ అని రాతి పేర్లతోనే విడిగా నింపిన సీసాలను వెతకవచ్చు.

లేబుల్ మీద చివరగా చూడవలసింది పంట సంవత్సరం. మామూలు మ్యుస్కడే అయితే ఏడాది రెండేళ్ళ లోపుది, సుర్ లీ అయితే మూడు నాలుగేళ్ళ లోపుది తీసుకోవాలి. వైన్ ఎంత పాతదైతే అంత మంచిదన్న మాట నమ్మి, తగ్గింపు ధరకు పెట్టిన ఏడేళ్ళ నాటి మామూలు సీసా ఒకటి నేను కొన్నాను. రంగు ముదిరి, కోసి ఉంచిన ఆపిల్ వాసన తప్ప దానిలో ఇంకేమీ మిగలలేదు. క్రూ సీసాల సంగతి వేరు. మంచి తయారీదారు చేతి క్లిసాన్ పదేళ్ళు నిలుస్తుంది, నిలిచి మరింత బాగుపడుతుంది కూడా.

షాబ్లీ ఎప్పుడు, సాన్సేర్ ఎప్పుడు

ఇక మిగిలిన రెండింటితో పోల్చి చూద్దాము. షాబ్లీలో నాలుగు మెట్లు ఉన్నాయి: పెతీ షాబ్లీ, షాబ్లీ, ప్రెమియే క్రూ, గ్రాన్ క్రూ. అన్నిటి కంటే పైదైన గ్రాన్ క్రూ ఊరికి ఎదురుగా ఉన్న ఒకే కొండవాలు మీద ఏడు పేర్లుగా విభజించి ఉంది. అక్కడి సున్నపు మట్టిలో ఆయిస్టర్ అనే సముద్రపు జీవి చిన్న చిన్న చిప్పల శిలాజాలు చేతికి దొరుకుతాయి. షార్డనే అన్నంత మాత్రాన కాలిఫోర్నియా సీసాలలోని వెన్న, కొయ్య వాసనలు ఇక్కడ ఆశించకూడదు. చాలా షాబ్లీలు కొయ్య తగలకుండా ఉక్కు తొట్లలోనే తయారవుతాయి. తోబుట్టువు మెలోన్‌తో పోలిస్తే షార్డనేలో ఒళ్ళు ఎక్కువ, నోటిలో నిలిచే సమయం ఎక్కువ. అందువల్ల చేపకు వెన్నతోనో మీగడతోనో చేసిన చిక్కటి సాస్ జతపడినప్పుడు, కోడిమాంసం వడ్డించినప్పుడు, లేక వైన్‌నే ముఖ్యంగా పెట్టుకుని కూర్చునే సాయంత్రాలలో షాబ్లీ సరైన ఎంపిక. అయితే అడుగు మెట్టులో ఉన్న పెతీ షాబ్లీకీ మంచి క్రూ మ్యుస్కడేకీ ధర దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు నేను సందేహం లేకుండా రెండవదే తీసుకుంటాను. ఒకటి ప్రసిద్ధమైన ప్రాంతంలో అట్టడుగున ఉన్నది, మరొకటి ప్రసిద్ధి లేని ప్రాంతంలో శిఖరాన ఉన్నది. అదే డబ్బుకు రెండవ సీసాలో ఎక్కువ శ్రమా ఎక్కువ కాలమూ ఉన్నాయి.

సాన్సేర్ దారి వేరు. సావిన్యాన్ బ్లాంక్ గ్లాసును ముక్కు దగ్గరకు తెచ్చేలోగానే పలకరిస్తుంది. క్యాప్సికం కోసినప్పుడు వచ్చే పచ్చి వాసనకు కారణమైన పదార్థాల కుటుంబమే ఈ ద్రాక్షలోనూ ఉంది. దానితో పాటు పంపరపనస తొక్క, కోసిన గడ్డి వాసనలు. భారతదేశంలో సూలా సంస్థ 2000లో నాసిక్ నుంచి తెచ్చిన మొదటి వైన్లలో సావిన్యాన్ బ్లాంక్ ఒకటి కాబట్టి, మనవారిలో చాలామందికి ఈ వాసన ముందే పరిచయం. న్యూజిలాండ్ సీసాలు తాగినవారికి ఇంకా బాగా తెలుసు. సాన్సేర్‌లో ఆ వాసన అదుపులో ఉంటుంది, సున్నపు నేల పులుపును నిటారుగా నిలబెడుతుంది, చెకుముకి రాయి ఉన్న తోటలలో కొంచెం పొగ వాసన తోస్తుంది. మేకపాల జున్నుకు, అందులోనూ పక్కనే ఉన్న షావిన్యోల్ గ్రామపు క్రొతాన్‌కు, దీనికి మించిన జోడు లేదు. కొత్తిమీర, పుదీనా, పచ్చిమిరప వంటి ఆకుపచ్చని రుచులు వంటలో ముందున్నప్పుడు సాన్సేర్ తీసుకోవాలి. మ్యుస్కడే వాటి మధ్య వినిపించకుండా పోతుంది. వాసనే లేని వైన్ వైనే కాదనుకునే అతిథులు వస్తున్నప్పుడు కూడా సాన్సేరే మేలు. ఆయిస్టర్ల పక్కన మాత్రం సాన్సేర్ వాసన సముద్రపు సున్నితమైన రుచిని కప్పేస్తుందని నా అభిప్రాయం.

మరో రెండు పేర్లు క్లుప్తంగా చెబుతాను. నాంత్ పరిసరాలలోనే ఫోల్ బ్లాన్ష్ ద్రాక్షతో చేసే గ్రో ప్లాన్ అనే వైన్ ఉంది. మ్యుస్కడే కంటే పలచన, పులుపు మరీ తీవ్రం. పచ్చి ఆయిస్టర్ల పక్కన తప్ప సిఫార్సు చేయలేను. దక్షిణాన మధ్యధరా తీరంలో, తో ఉప్పునీటి సరస్సు ఒడ్డున పండే పిక్పూల్ ద పినే మ్యుస్కడేకు అసలైన పోటీ. ధర దాదాపు సమానం, నిమ్మరుచి స్పష్టంగా ఉంటుంది, ఎండ ప్రాంతపు పండు కాబట్టి కొంత నిండుదనమూ ఉంటుంది. మ్యుస్కడే మరీ ముభావంగా తోచినవారు పిక్పూల్‌తో మొదలుపెట్టి వెనక్కు రావచ్చు.

మన వంటల పక్కన

సాధారణంగా మ్యుస్కడేలో ఆల్కహాల్ 12 శాతం దగ్గర ఉంటుంది. ఆల్కహాల్ ఎక్కువైన కొద్దీ మిరపకారం మంట నోటిలో పెరుగుతుంది, అందువల్ల మన వంటలకు ఇది చిన్న విషయం కాదు. ఉప్పు, పసుపు, కాస్త కారం పట్టించి వేయించిన వంజరం ముక్కలకూ, వెల్లుల్లి కరివేపాకులతో చేసిన రొయ్యల వేపుడుకూ సుర్ లీ చక్కగా అతుకుతుంది. నిమ్మకాయ పిండుకునే చోట ఒక గుక్క వైన్ ఆ పని చేస్తుంది. మిరియాలు వేసిన పీతల వేపుడుకు క్లిసాన్ వంటి క్రూ తీసుకోవాలి, ఎందుకంటే పీతమాంసంలోని తీపికి దాని నిండుదనం తోడవుతుంది.

పులుసుల దగ్గర మాత్రం నిజం చెప్పాలి. వంటలోని పులుపు వైన్‌లోని పులుపును మించితే వైన్ చప్పబడిపోతుంది. నెల్లూరు చేపల పులుసులో చింతపండు, పుల్లమామిడి, కారం మూడూ గట్టిగానే ఉంటాయి. దాని పక్కన మ్యుస్కడే నీళ్ళలా తోస్తుంది, షాబ్లీ చేదెక్కుతుంది, సాన్సేర్ వాసన పులుసు వాసనతో తగాదా పడుతుంది. అటువంటి భోజనానికి వైన్ తప్పనిసరి అనుకుంటే ఈ మూడింటినీ వదిలి, ల్వార్ నది మధ్యభాగంలో షెనిన్ బ్లాంక్ ద్రాక్షతో చేసే వూవ్రేలో దెమీ సెక్ అని రాసిన, కొంచెం తీపి మిగిల్చిన సీసాను తీసుకోవాలి. ఆ తీపి కారాన్ని చల్లారుస్తుంది, షెనిన్ పులుపు చింతపండుకు జవాబు చెప్పగలుగుతుంది.

కొనే చోటును బట్టి కూడా సలహా మారుతుంది. ఐరోపాలోనో అమెరికాలోనో ఉంటున్న తెలుగువారికి మ్యుస్కడే తక్కువ ధర నిజమైన లాభం. అమెరికాలో ఉన్నవారు ఒరెగాన్ నుంచి మెలోన్ పేరుతో వచ్చే సీసాలను కూడా పోల్చి చూడవచ్చు. భారతదేశంలో దిగుమతి సుంకాలు, రాష్ట్రపు పన్నులు కలిసిన తరువాత ఆ లాభంలో చాలా భాగం కరిగిపోతుంది, పైగా దుకాణంలో ఎంతకాలం నిలబడి ఉన్నదో తెలియని సీసా చేతికి రావచ్చు. ఇక్కడ పంట సంవత్సరం పాతబడిన మామూలు మ్యుస్కడే కంటే, నిలవ ఉండగల షాబ్లీనే నమ్మదగినది.

వడ్డించేటప్పుడు జరిగే పొరపాటు అతి చల్లదనం. ఫ్రిజ్‌లోని 4 డిగ్రీల దగ్గర మెలోన్ వంటి నిదానమైన ద్రాక్షలో పులుపు తప్ప ఏదీ తెలియదు. సుర్ లీని 8 నుంచి 10 డిగ్రీల మధ్య, క్రూను 12 డిగ్రీల దగ్గర తాగాలి. చల్లటి దేశాలలో సీసాను పావుగంట ముందు బయట పెడితే సరిపోతుంది. మన వేసవిలో ఐదు నిమిషాలు చాలు, తరువాత ఐసు నీళ్ళ గిన్నెలో ఉంచుకోవాలి. మొన్న ఒక గోర్జ్ సీసా తెరిచినప్పుడు మొదటి రోజు అది మూసిన పిడికిలిలా ఉంది. బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, మరునాడు మధ్యాహ్నం మిగిలిన సగం పోసుకుంటే బేరిపండు, రొట్టె పైపొర, చివరన ఉప్పు ఒకదాని తరువాత ఒకటిగా బయటకు వచ్చాయి. క్రూ సీసాను అందుకే ఒక్క పూటలో ఖాళీ చేయవద్దని చెబుతున్నాను. సుర్ లీ అయితే మూడవ రోజుకు మిగలనివ్వకూడదు. అడుగున ఒక అరగ్లాసు ఉండిపోతే, సన్నగా తరిగిన చిన్న ఉల్లిపాయలతో, కొద్దిగా వెనిగర్‌తో కలిపి గిన్నెలో ఇగిరించి, చల్లని వెన్న ముక్కలు ఒక్కొక్కటిగా వేస్తూ గిలక్కొడితే నాంత్ వారి బర్ బ్లాన్ సాస్ తయారవుతుంది, ఉడికించిన చేప మీద పోసుకోవచ్చు.